ముందు ఖాళీ గీత చూసేటాయన

తప్పు పట్టుకున్న మనిషి మీదనే ఆ తప్పు మోపి అచ్చు వేసిన్రు. ఇంగ్లీషుల, ఒక్క వాక్యం. "ఉమ్మడి పరికరాల కేంద్రంలో జరిగిన కల్తీ వల్ల ఫలితం తప్పుగా వచ్చింది, అందువల్ల ఈ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నాము" అని దాని అర్థం. ఆ కేంద్రంల ఆ మిషిన్ నడిపింది ఒక్కడే. ఆ ఒక్కడు, వ్యాసం అచ్చు కాకముందే, నా ముంగట, నోరు తెరిచి ఇది తప్పు అని చెప్పిండు. అయినా ఆ వాక్యం ఇయ్యాల్టికీ అట్లనే ఉన్నది. ఆయన లేడు.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఎక్కాల్సిన కాడ ఎక్కని పేరు ఇక్కడ ఎక్కి ఏం చేస్తది. కేంద్రంల అందరు మాస్ సార్ అనేటోళ్లు, ఆయన నడిపే దాని పేరు మాస్ మిషిన్ గనక. నేను తమ్మీ అనేటోన్ని. ఆయన నన్ను అన్నగారూ అనేటోడు. వాళ్ల నాయన ఎప్పుడో కోస్తా దిక్కు నుంచి వచ్చి ఇక్కడి పెద్ద ఇంజినీరింగ్ ఫ్యాక్టరీల పనికి చేరిండట. కొడుకు ఇక్కడనే పుట్టిండు, ఇక్కడనే చదివిండు, పటేల్‌గూడల ఇల్లు కట్టుకున్నడు. అయినా నోట్లకెల్లి ఆ అండీ పోలే. "యాభై ఏండ్లు మా నీళ్లు తాగినవ్, ఒక్కసారన్న ఏంది అనరాదు" అంటే, "ఏంటండీ అలా అంటారు" అని నవ్వేటోడు.

పోయిన సంగతి నాకు పటాన్‌చెరు బస్టాండ్ల తెలిసింది. కేంద్రానికి గ్యాస్ సిలిండర్లు తెచ్చే డ్రైవర్ ఎదురుపడి, "చాచా, మీ మాస్ సార్ పోయిండు గద, నెల దాటింది. నీకు తెల్వదా?" అన్నడు.

"ఏమయింది?" అన్న.

"గుండె. పొద్దున స్కూటర్ తుడుసుకుంట కూలబడ్డడంట. దవాఖానకు తీస్కపోయేలోపే..."

సంగారెడ్డి బస్సు వచ్చింది, ఎక్కి కూసున్న. కండక్టర్ రెండుసార్లు అడిగేదాక టికెట్ తీసుకోలే.

కేంద్రం అంటే ఏందో చెప్పాలె. పటాన్‌చెరు దాటినంక, మందుల కంపెనీల నడుమ, రెండంతస్తుల తెల్ల బిల్డింగు. లోపల ఏడెనిమిది పెద్ద మిషిన్లు. అసొంటి మిషిన్ ఒక్కొక్కటి ప్రతి కాలేజీ కొనుక్కోవాలంటే అయ్యే పని కాదు. అందుకని అన్నీ ఒక్కకాడ పెట్టి, ఎవరికి అవసరం వస్తే వాళ్లు వరుసల వాడుకునేటట్టు ఏర్పాటు చేసిన్రు. పరిశోధన చేసే పిల్లలు, ప్రొఫెసర్లు, కంపెనీల మనుషులు, అందరు చిన్న చిన్న సీసాలు పట్టుకుని వచ్చేటోళ్లు. ఆ సీసాలు తీసుకుని, నంబరు అంటించి, రిజిస్టర్ల రాసే కౌంటర్ నాది. అంతకుముందు ఒక కంపెనీల బాయిలర్ కాడ చేసిన, అది మూతపడ్డది. చదివింది ఏడో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు బాయిలర్ మీటర్ల మీద నేర్చుకున్న, మిగిలింది డిక్షనరీ నేర్పింది. ఇది గొప్పకు చెప్పుడు కాదు. ఆ వాక్యాన్ని నువ్వెట్ల చదివినవ్ అని అడిగేటోళ్లు ఉంటరు, అడిగిన్రు గూడ.

మాస్ మిషిన్ అణువుల బరువు తూస్తది. కంటికి కనబడని వాటిని ముక్కలు చేసి, ఏ ముక్క ఎంత బరువో కంప్యూటర్ మీద నిలువు గీతలుగ గీస్తది. గీత ఉన్నదంటే ఆడ ఏదో పదార్థం ఉన్నట్టు. అది ఏ పదార్థమో, ఎక్కడికెల్లి వచ్చిందో చెప్పాల్సింది మాత్రం మనిషే.

పొద్దున రాంగనే ఆయన చేసే మొదటి పని ఒక్కటే. ఎవ్వరి శాంపిలూ పెట్టకుండ, శాంపిల్‌ను కరిగించే వట్టి ద్రావకాన్ని మిషిన్‌లకు పంపేటోడు. శాంపిల్ లేదు గనక గీత లేవొద్దు. తెర మీద అడుగున ఒక సన్నని లైను, దుక్కి దున్ని చదును చేసిన మడి లెక్క, పొడుగ్గ పోవాలె. అది చూసేదాక చాయ్ గూడ ముట్టేటోడు కాదు. మధ్యల ఏదన్న చిన్న ముల్లంత గీత లేచిందంటే ఇగ ఆ రోజు అందరి వరుస ఆగినట్టే. గొట్టాలు విప్పుడు, కడుగుడు, మళ్ల పంపుడు. బయట పిల్లలు గొణుక్కునేటోళ్లు. ఒక కంపెనీ ఆయన మిఠాయి డబ్బా పట్టుకొచ్చిండు ఒకసారి.

"సార్, మాది జర అర్జెంట్. ఇయ్యాల రిపోర్ట్ పంపకుంటే మా మేనేజర్ నన్ను పంపిస్తడు."

"ముందు ఖాళీ గీత చూడనివ్వండి. మీ గొప్పలు తర్వాత చూద్దాం."

"అరగంట పని సార్!"

"అరగంటే. రేపు మధ్యాహ్నం అరగంట." డబ్బా తీసుకుని నా దిక్కు జరిపిండు. "అన్నగారూ, స్వీట్లు ఇవాళే పంచండి. శాంపిల్ వరసలో పెట్టండి."

ఆ కంపెనీ ఆయన నా మొకం చూసిండు. నేను ఒక జిలేబీ ఆయన చేతిల పెట్టిన.

మంచోడని రాస్తున్ననని అనుకోవద్దు. తిక్క మనిషి. పిల్లలను కసిరేటోడు. పెన్సిల్‌తోని పేరు రాసిన సీసాలు తెస్తే పదిహేనుకు పదిహేను వాపస్ చేసిండు. నా రిజిస్టర్ల ఒక అంకె దిద్ది రాస్తే పేజీ మొత్తం కొట్టేసి మళ్ల రాయమన్నడు. ఒకసారి మందారం నూనె రాసుకుని వచ్చిన పిల్లను తలుపు కాడనే ఆపిండు. బతుకమ్మ పండుగ దినాలల్ల గంధం పూసుకున్న చేతులతోని వస్తే గాజు అద్దం అవుతలికెల్లి మాట్లాడేటోడు. ఒకసారి పెద్ద ప్రొఫెసర్ వచ్చి మిషిన్ పక్కన నిలబడంగనే ముక్కు ఎగబీల్చి, "మోకాలికి బామ్ రాసుకున్నారాండీ?" అని అడిగిండు. ప్రొఫెసర్ ఎర్రబడ్డడు. "రాసుకుంటే ఏమవుతది?" "మీ శాంపిల్లో మీ మోకాలు కూడా వస్తుందండీ" అన్నడు ఈయన.

ప్రతి సీసానూ అడిగే ప్రశ్న ఒకటి ఉండేది. "దీని పుట్టిల్లు ఎక్కడ?" అంటే ఏ చెట్టు, ఏ నీళ్లు, ఏ మందు, దేంట్ల నానబెట్టిన్రు, దేంట్ల పట్టుకొచ్చిన్రు, దారిల ఎండ తగిలిందా. కొత్త పిల్లలు కంగారు పడేటోళ్లు. "మా హాస్టల్ ఫ్రిజ్‌ల పెట్టిన సార్" అని ఒకామె చెప్తే, "పక్కన ఏముంది ఫ్రిజ్‌లో?" అని అడిగిండు. "ఆవకాయ సార్." "మూత గట్టిగానే పెట్టావా? ఆవకాయది కాదమ్మా, దీనిది." మేమందరం నవ్వినం, ఆయన నవ్వలే.

ఇంకో అలవాటు. మిషిన్ కింద గాలి గుంజే పంపు ఉంటది. రోజూ ఒక పొడుగు స్క్రూడ్రైవర్ మొన దాని మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కండ్లు మూసుకునేటోడు. వాళ్ల నాయన ఫ్యాక్టరీల బేరింగులు అట్లనే వినేటోడట. "ఏమంటుందయ్యా నీ పంపు?" అంటే, "నూనె మార్చమంటోందండీ, మీలాగే నసుగుతోంది" అనేటోడు. కంపెనీ ఇంజినీరు వచ్చి మీటర్లు పెట్టి చూసి, అంతా బాగనే ఉన్నదని సంతకం పెట్టిపోయిండు. వారం తిరగకముందే పంపు ఆగిపోయింది. అప్పటికే ఈయన కొత్త నూనె తెప్పించి పెట్టుకున్నడు.

వ్యాసం అచ్చయితే ఒక కాపీ కేంద్రానికి ఇయ్యాలె, అది రూలు. దాన్ని నోటీసు బోర్డుకు గుచ్చేది నా పని. గుచ్చేముందు నేను చివరి పేజీ చదివేటోన్ని, ఆడ కృతజ్ఞతలు ఉంటయి. గైడుకు, ప్రిన్సిపాలుకు, స్కాలర్‌షిప్ ఇచ్చినోళ్లకు, దోస్తులకు, ఒకరైతే వాళ్ల కుక్కకు గూడ. మిషిన్ నడిపినాయన పేరు ఆ బోర్డు మీద నేను ఒక్కసారి గూడ గుచ్చలే. ఆ మాట అంటే ఆయన టిఫిన్ మూత తీసుకుంట, "పేరు పెడితే ప్రశ్నలన్నీ నన్నే అడుగుతారండీ. మీ రొట్టె ఒకటి ఇటు పడెయ్యండి" అన్నడు. నా జొన్నరొట్టె ఆయనకు, ఆయన గోంగూర నాకు. ఆ మార్పిడి ఒక్కటే మా నడుమ రోజూ జరిగింది.

ఇగ ఆ సంగతికి వస్త.

నారాయణఖేడ్ దిక్కు పిల్ల ఒకామె పరిశోధన చేస్తుండె. నేలవేము వేరులకెల్లి మందు తీయాలని ఆమె పని. ఆమె గైడు పేరున్న ప్రొఫెసర్. ఒకనాడు ఆమె శాంపిల్ పెట్టినప్పుడు తెర మీద ఒక పెద్ద గీత లేచింది. ఆ బరువు ఉన్న పదార్థం నేలవేముల ఉన్నట్టు ఏ పుస్తకంల లేదు. పిల్ల ఉన్నకాడనే ఎగిరి గంతేసింది. గైడుకు ఫోన్ చేసింది, ఆయన కారేసుకుని గంటల వచ్చిండు.

మాస్ సార్ మాత్రం తెర కాడికెల్లి కదలలే. పిల్లను అడిగిండు, "దీని పుట్టిల్లు చెప్పమ్మా."

చెప్పింది. అడివి, వేరు, ద్రావకం.

"దేంట్లో పట్టుకొచ్చావ్?"

"ట్యూబులల్ల సార్. మా ల్యాబుల గాజు సీసాలు అయిపోయినయి. ప్లాస్టిక్ ట్యూబులు, కొత్తవే, సీలు తీయనివి."

ఆయన ఆమె సంచిలకెల్లి ఒక ఖాళీ ట్యూబు తీసుకున్నడు. దాంట్ల వట్టి ద్రావకం పోసి, బాగ ఊపి, గంటసేపు అట్లనే పెట్టి, దాన్ని మిషిన్‌లకు పంపిండు. వేరు లేదు, నేలవేము లేదు. అయినా అదే గీత, అదే చోట, లేచి నిలబడ్డది. ప్లాస్టిక్ మెత్తగ వంగాలని దాంట్ల ఒక మందు కలుపుతరు. ద్రావకం తగిలితే అది కరిగి దిగుతది. ఈ పని చేసేటోళ్లు ఎంత చదువుకున్నా దీంట్ల పడుతరని, చానామంది పడ్డరని ఆయన చెప్పంగ నేను అంతకుముందు గూడ విన్న. ఆ ట్యూబులల్ల నీళ్లు పెట్టుకుంటే ఏం కాదు. ద్రావకం పెట్టుకుంటేనే మోసం.

అప్పుడు గైడు లోపలనే ఉన్నడు. నేను రిజిస్టర్ మీద సంతకం కోసం తలుపు కాడ నిలబడ్డ.

"ఇది మీ మొక్కది కాదండీ. ట్యూబుది" అన్నడు మాస్ సార్.

గైడు నవ్విండు. "మీరు ఎంతవరకు చదువుకున్నరు?"

"డిప్లొమా అండీ."

"నేను చదివింది కెమిస్ట్రీ. మీరు నడపాల్సింది మిషిన్. ప్రింట్ ఇయ్యండి."

ఆయన ప్రింట్ ఇచ్చిండు. దాంతోపాటు ట్యూబుది, అదే వట్టి ద్రావకం ప్రింట్ గూడ ఇచ్చిండు, రెండూ కలిపి పిన్ను కొట్టి. గైడు పిన్ను పీకి రెండోదాన్ని బల్ల మీదనే వదిలేసి పోయిండు. పిల్ల తల దించుకుని వెనుకనే పోయింది. ఆ రెండో కాయితం కొద్దిసేపు నేనూ చూసిన. గైడును ఆపి మాస్ సార్ గట్టిగ ఒక్క మాట అననందుకు నాకు అప్పుడే కోపం వచ్చింది.

వ్యాసం అచ్చయింది. బోర్డుకు గుచ్చింది నేనే. కేంద్రం హెడ్డు చూసి మెచ్చుకున్నడు. ఏడాది తిరిగేసరికి వేరే దేశంల ఎవరో ఆ మందు కోసం అదే వేరు తెచ్చి, గాజు సీసాలల్ల పెట్టి చూసిన్రట. వాళ్లకు ఏమీ రాలే. మీ గీత ఎక్కడిది అని ఉత్తరం రాసిన్రు. అప్పుడు వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నరు. తీసుకునేటప్పుడు కారణం రాయాలె గద. ఇక్కడ మొదట్లనే నేను దింపిన ఆ ఇంగ్లీషు వాక్యమే వాళ్లు రాసిన కారణం.

హెడ్డు ఆ కాయితం పట్టుకుని కౌంటర్ ముంగటికెల్లి సీదా మాస్ గదిలకు పోయిండు. తలుపు వేసుకున్నరు. బయటికి వచ్చినప్పుడు హెడ్డు మొకం మాడింది. మాస్ సార్ మొకం ఎప్పటి లెక్కనే ఉన్నది. మేమిద్దరం కాంట్రాక్టు ఏజెన్సీ పంపిన మనుషులం, పర్మనెంట్ కాదు. సోమవారం ఏజెన్సీ సూపర్‌వైజర్ ఫోన్ చేసి ఆయన్ను రావద్దన్నడు. కేంద్రం పేరు పోయింది, ఎవరో ఒకరు పోవాలె గద అన్నడట. మంగళవారం పిల్లలు సీసాలు పట్టుకుని వరుసల నిలబడి "మాస్ సార్ ఏడి?" అని అడిగిన్రు. నేను సీసాలకు నంబర్లు అంటించిన.

ఆ కాయితం బోర్డుకు గుచ్చమన్నరు. గుచ్చలే. డిక్షనరీ తీసి ఒక్కొక్క మాట చూసుకున్న. అర్థమైనంక కాయితం మడిచి జేబుల పెట్టుకున్న. నా పనికాలం గూడ ఆ ఏడాదితోనే అయిపోయింది, అది వేరే సంగతి.

ఆయన్ను రావద్దన్న పది దినాలకు పటేల్‌గూడ పోయిన. ఇంగ్లీషుల అర్జీ రాసుకుని పోయిన, నాలుగు పేజీలు. ట్యూబు సంగతి, రెండు ప్రింట్ల సంగతి, గైడు అన్న మాటలు, అంతా. ఆయన సంతకం ఒక్కటే తక్కువ. వరండల కూసుని ఎవరిదో మిక్సీ ఇప్పి పెట్టుకున్నడు. వాళ్లామె కుర్చీ వేసింది.

"మీరన్నా చెప్పండి అన్నయ్యగారూ. రోజంతా వాడకట్టు మిక్సీలన్నీ బాగు చేస్తున్నారు. ఇంకో ల్యాబులో అడగమంటే అడగరు. అడిగితే అక్కడ ఎందుకు మానేశారంటారట."

"టీ పెట్టవే" అన్నడు ఆయన.

అర్జీ చేతికిచ్చిన. "సంతకం పెట్టు తమ్మీ. మిగిలింది నేను చూసుకుంట."

నాలుగు పేజీలు నిమ్మలంగ చదివిండు. మధ్యల జేబుల పెన్సిల్ తీసి రెండు కాడ ఏదో రాసిండు. సంతకం పెడుతుండనే అనుకున్న. కాయితాలు వాపస్ ఇచ్చినప్పుడు చూస్తే, స్పెల్లింగులు దిద్దిండు.

"బాగా రాశారండీ. ఇక్కడ ఒక అక్షరం పోయింది, అంతే."

"సంతకం?"

"వదిలెయ్యండి అన్నగారూ."

"ఎట్ల వదిలిపెట్టాలె? తప్పు నీ మీద రాసిన్రు."

"నా పేరు లేదు కదండీ అందులో."

"పేరు లేకుంటేంది? ఆ మిషిన్ ముట్టింది నువ్వు తప్ప ఇంకెవరు? హెడ్డుకు తెల్వదా, నీ ఇంటామెకు తెల్వదా, రేపు నిన్ను పనిల పెట్టుకునేటోనికి తెల్వదా? నువ్వు చెప్పినవ్, నేను విన్న. ఎందుకు చెప్పవ్?"

మిక్సీ బ్లేడు ఏలితోని తిప్పి చూసిండు. "ఆ అమ్మాయి మళ్లీ శాంపిల్ చేస్తోందట. ఈసారి సరిగ్గా వస్తుంది" అన్నడు. నేను అడిగిందేంది, ఈయన చెప్పేదేంది.

"నీకు రోషం లేదు తమ్మీ" అన్న. లేచిన.

"టీ అయినా తాగి వెళ్లండీ, పెట్టింది" అన్నడు.

తాగలే. గేటు గూడ దగ్గరికి వెయ్యకుండ వచ్చేసిన. మళ్ల ఆయన్ను చూడలే.

ఆ కోపం పెట్టుకునే ఇన్నేండ్లు పటేల్‌గూడ దిక్కు పోలే. ఫోన్ వచ్చినా ఎత్తలే, రెండుసార్లు చేసిండు. బస్టాండ్ల డ్రైవర్ చెప్పినంక, ఇగ ఆయన సంతకం ఎట్లా రాదు, నేనే నా సంతకంతోని పంపుదామనుకున్న. మా ఊరు కొండాపూర్ మండలంల ఉంటది, ఆడికెల్లి ప్రతి వారం సంగారెడ్డి పోయి రిజిస్టర్ పోస్టు చేసిన. కేంద్రం హెడ్డుకు రాసిన. కొత్త హెడ్డు, ఆయనకు ఏమీ తెల్వదు, ఉత్తరం అందినట్టు గూడ రాయలే. రెండోసారి రాస్తే, మీరు ఏ హోదాల అడుగుతున్నరని ఒక లైను వచ్చింది. శాంపిల్ కౌంటర్‌ల పని చేసిన హోదాల అని రాసిన. దానికి జవాబు లేదు. గైడు రిటైర్ అయిండు, ఆయనకు రాసిన ఉత్తరం ఇల్లు మారిన్రని తిరిగి వచ్చింది. వ్యాసం అచ్చు వేసిన పత్రికకు ఇంటర్నెట్ సెంటర్ల కూసుని ఇంగ్లీషుల పంపిన. వాళ్లు మర్యాదగనే చెప్పిన్రు: దిద్దుబాటు అడిగే హక్కు వ్యాసం రాసినోళ్లకే ఉంటది, బయటోళ్లకు ఉండదు.

రాసినోళ్లు అంటే ఇద్దరే. గైడు, ఆ పిల్ల. పిల్ల ఇప్పుడు వేరే జిల్లాల డిగ్రీ కాలేజీల చెప్తున్నది. నేను ఆమె మీద గూడ కోపంగనే ఉన్న. తలుపు కాడ తల దించుకుని పోయిన పిల్ల. ఉత్తరం కటువుగనే రాసిన. నువ్వు ఆనాడు ఆ గదిల ఉన్నవ్, ఆ ట్యూబులు నీవి, ఆయన చెప్పింది విన్నవ్, అబద్ధం అచ్చయితే ఊకున్నవ్, ఇప్పుడన్న ఒక్క వాక్యం దిద్దించు, ఆయన కల్తీ చేయలేదని పెట్టించు అని. జవాబు వస్తదని అనుకోలే. నలభై దినాలకు వచ్చింది. చేతిరాత, తెలుగుల. దాంట్ల ఉన్నదున్నట్టు ఇక్కడ దింపుతున్న.

"తాతా, నమస్కారం. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. సార్ పోయారని అందులోనే తెలిసింది. మీరు తిట్టినవన్నీ నాకు తగినవే, ఒక్కటి తప్ప. ఆ వాక్యం అచ్చయినప్పుడు నేను ఊరుకోలేదు. ఆ వాక్యం తీసుకెళ్లి మా గైడ్‌కి ఇచ్చింది నేనే. రాసింది మాత్రం నేను కాదు, మా గైడ్ కూడా కాదు. సార్ రాశారు.

విదేశం నుంచి ఉత్తరం వచ్చినప్పుడు, తప్పు శాంపిల్ చేసినవాళ్లదని రాయమన్నారు మా గైడ్. అంటే నాది. అది నిజమే. కానీ అలా రాస్తే నా థీసిస్ ఆగిపోతుంది, ఇంటికి పంపేస్తారు. మా ఇంట్లో అప్పటికే సంబంధాలు చూస్తున్నారు, చదువు మాన్పించడానికి ఒక సాకు చాలు. కేంద్రం వెనక జనరేటర్ దగ్గర కూర్చుని ఏడుస్తుంటే సార్ వచ్చారు. అంతా విని, కాగితం అడిగి, మెట్టు మీద కూర్చుని ఆ వాక్యం రాసిచ్చారు. నేను వద్దన్నాను. 'మనిషి పేరు ఉండకూడదమ్మా, అంతే. కేంద్రం అంటే గోడలు, ఏసీలు. వాటికి పెళ్లి కావాలా, ఉద్యోగం కావాలా' అన్నారు. ఆయన్ని తీసేస్తారని నాకు తోచలేదు. ఆయనకి తోచిందో లేదో నాకు తెలీదు, అదే నన్ను ఇన్నాళ్లూ తినేస్తోంది. తెలిశాక ఫోన్ చేశాను. 'మళ్లీ చేశావా, గాజు సీసాలోనే పెట్టావా' అని అడిగారు. ఇంకో మాట మాట్లాడనివ్వలేదు. ఎవరికీ చెప్పొద్దని మాత్రం మాట తీసుకున్నారు, మీ పేరు చెప్పి మరీ. 'అన్నగారికి అసలే చెప్పకు, ఊరంతా ఉత్తరాలు రాస్తారు' అన్నారు.

దిద్దుబాటు అడగడానికి నేను సిద్ధమే. ఇప్పుడు దానివల్ల నాకు ఏం జరిగినా పరవాలేదు. రాయడానికి నాలుగు రోజులు కూర్చున్నాను. కల్తీ కేంద్రంలో జరగలేదు, నా ట్యూబుల్లో జరిగింది అని రాయగలను. మరి మొదట అబద్ధం ఎవరు రాశారని పత్రికవాళ్లు అడుగుతారు. మా గైడ్ అని రాస్తే అది ఇంకో అబద్ధం. నేను అని రాస్తే సగం నిజం. సార్ అని రాస్తే, ఆయన పేరు మొదటిసారి అచ్చులోకి వస్తుంది, ఆయన జీవితంలో ఇచ్చిన ఒకే ఒక్క తప్పు రిపోర్టు కింద. నాకు చెయ్యి ఆడటం లేదు తాతా. ఆయన్ని నాకంటే మీరు బాగా ఎరుగుదురు. ఆ ఒక్క వాక్యం మీరు రాసి పంపండి. మీరు ఏం రాస్తే అదే, ఒక్క అక్షరం మార్చకుండా, నా సంతకంతో పంపిస్తాను."